ముగ్గు గీతల్లోంచి లేచిన కోటలు

ఇంటర్ చదివే మా అబ్బాయి ఒక సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగాడు. “నాన్నా, ఈ ఆట 1993లో వచ్చిందన్నావు కదా. మరి ఈ లెవెల్ పోయిన నెలలో తయారైందని రాసుందేంటి?” అని అడిగాడు.

వాడు ఆడుతున్నది డూమ్. అమెరికాలో టెక్సస్ రాష్ట్రానికి చెందిన ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ 1993 డిసెంబరు 10న విడుదల చేసిన ఆట. రాక్షసులను తుపాకీతో వేటాడుతూ బయటపడే దారి వెతుక్కోవాలి. నెత్తురు ఎక్కువే, చిన్నపిల్లలకు పనికిరాదు. కానీ వాడి ప్రశ్న మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. ముప్పై ఏళ్ల కిందటి సినిమాకు ప్రేక్షకులే కొత్త రీళ్లు తీసి కలుపుతున్నారని, వాటిని జనం ఇంకా చూస్తున్నారని ఎవరైనా చెబితే నమ్ముతామా? డూమ్ విషయంలో జరుగుతున్నది అచ్చంగా అదే. ఆటను తయారుచేసినవాళ్లు ఇచ్చినవి 27 లెవెల్స్. తర్వాత అభిమానులు కట్టి పంచినవి వేలల్లో ఉన్నాయి, ఇప్పటికీ వస్తున్నాయి.

లెవెల్ అన్నది మనందరికీ అలవాటైన మాటే అయినా, ఈ అధ్యాయంలో దాన్ని మజిలీ అంటాను. కాశీమజిలీ కథల్లో యాత్రికులు ఆగిన ప్రతిచోటా ఒక కొత్త కథ మొదలై ముగుస్తుంది. ఆటలోనూ అంతే. ఒక చోట అడుగుపెడతాం, చిక్కులు విప్పుకుంటాం, బయటికి దారి దొరికితే తర్వాతి మజిలీ. బయటివాళ్లు వచ్చి మధ్యలో కొత్త మజిలీలు ఎలా చేర్చగలిగారన్నదే మన ప్రశ్న.

మేకు ఒకటే, క్యాలెండర్లు రెండు

సురభి నాటకం చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. వేదిక అదే, దీపాలు అవే, తాళ్లు లాగే మనుషులూ వాళ్లే. ఇవాళ ఒక పెట్టెలోని తెరలు దించితే మాయాబజార్, రేపు ఇంకో పెట్టె తెరిస్తే పాతాళభైరవి. నాటకం మారిందని వేదికను పగలగొట్టి మళ్లీ కట్టరు.

1992లో ఇడ్ సంస్థ చేసిన వుల్ఫెన్‌స్టైన్ 3డీ అనే ఆటకు ఇలా తెరలు మార్చుకునే సౌకర్యం లేదు. అయినా అభిమానులు ఊరుకోలేదు. ఆట ఫైళ్లలోకే చొరబడి గోడలు మార్చారు, బొమ్మలు మార్చారు. చిక్కేమిటంటే, కొత్తది పెట్టాలంటే పాతదాన్ని చెరిపేయాలి. ఆ పని చూసి ముచ్చటపడ్డవాడు ఇడ్ సంస్థ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్. డూమ్ రాసేటప్పుడు అతను ఆటను రెండు ముక్కలు చేశాడు. లెక్కలు కట్టి తెరమీద బొమ్మ చూపించే ప్రోగ్రాము ఒకటి. దీన్ని ఇంజిన్ అంటారు, మనం ఆటయంత్రం అనుకుందాం. గోడల రంగులు, రాక్షసుల బొమ్మలు, చప్పుళ్లు, మజిలీల పటాలు అన్నీ కట్టి ఉంచిన ఫైలు రెండోది. దాని పేరు వాడ్. మన మాటలో మూట. సరుకంతా ఎక్కడుందని అడిగే ఇంగ్లీషు ప్రశ్నలోని పొడి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు.

ఈ మూట కట్టిన తీరు చాలా శుభ్రంగా ఉంటుంది. మొదటి 12 బైట్లలో మూడు సంగతులు ఉంటాయి: ఇది ఆటతో వచ్చిన అసలు మూటా, తర్వాత చేర్చే అతుకు మూటా, లోపల ఎన్ని వస్తువులున్నాయి, వాటి జాబితా ఎక్కడుంది. జాబితాలో ఒక్కో వస్తువుకు ఒక పేరు, అది ఉన్న చోటు, దాని పరిమాణం. పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. అంతే.

అసలు కిటుకు పేర్ల దగ్గర ఉంది. ఒకే పేరుతో రెండు వస్తువులుంటే, ఆటయంత్రం చివర వచ్చినదాన్నే తీసుకుంటుంది. మొదటి మజిలీ పేరు ఈ1ఎమ్1. మీరు ఒక మజిలీ కట్టి దానికి కూడా ఈ1ఎమ్1 అని పేరు పెట్టి, అతుకు మూటగా ఆటకు అందిస్తే మీదే తెరుచుకుంటుంది. పాత క్యాలెండర్ తీయకుండా అదే మేకుకు కొత్తది తగిలించడం లాంటిది ఇది. కనిపించేది కొత్తది. దాన్ని ఎత్తి చూస్తే పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎవరూ దేన్నీ పాడుచేయనక్కర్లేదు. ఇది వ్యాపారానికి మంచిదేనా అని సంస్థలోనే కొందరు సందేహపడ్డారు. కార్మాక్ పట్టుబట్టాడు. ఆ పట్టుదలే లేకపోతే నేను ఈ అధ్యాయం రాసేవాణ్ణే కాదు.

మూట ఎలా విప్పాలో సంస్థ చెప్పలేదు. అభిమానులే బైట్లు ఒక్కొక్కటీ పట్టి చూసి అర్థం చేసుకున్నారు. మ్యాట్ ఫెల్ అనే ఆయన 1994లో ఆ వివరాలన్నీ ఒకచోట రాసి పంచాడు. న్యూజిలాండ్‌లో ఉన్న బ్రెండన్ వైబర్, బెల్జియంలో ఉన్న రాఫేల్ క్వినే కలిసి డీఈయూ అనే మజిలీల తయారీ పనిముట్టు రాశారు. ఆట వచ్చి రెండు నెలలు నిండకముందే అది జనం చేతిలో ఉంది.

చుక్కలు, గీతలు, ఒక షట్టరు

ఇల్లు కట్టేముందు మేస్త్రీ తాడు లాగి ముగ్గు పోస్తాడు. ఇది హాలు, ఇది వంటిల్లు అని నేలమీద తెల్లగీతల్లో కనిపిస్తుంది. డూమ్ మజిలీ అంటే ఆ ముగ్గే. తెరమీద కోటలా, నేలమాళిగలా కనిపించేదంతా నిజానికి పైనుంచి చూసి గీసిన చదునైన పటం. ముందు చుక్కలు పెట్టాలి. చుక్కల్ని గీతలతో కలపాలి. ఒక్కో గీత ఒక గోడ, లేదా రెండు జాగాల మధ్య హద్దు. గీతలు చుట్టుముట్టిన జాగాను సెక్టర్ అంటారు. మనకు అది గది. ఒక్కో గదికి నేల ఎంత ఎత్తు, కప్పు ఎంత ఎత్తు, వెలుతురు ఎంత అని అంకెలు ఇస్తే చాలు, ఆటయంత్రం ముగ్గు మీద గోడలు లేపుతుంది. వెలుతురుకు 0 అంటే కటిక చీకటి, 255 అంటే పట్టపగలు.

నేను మొదట కట్టింది మా ఇల్లే. ఈ పని మొదలుపెట్టిన చాలామంది కట్టేది అదేనని తర్వాత తెలిసింది. టేపు పట్టి వరండా, హాలు, వంటిల్లు కొలిచాను. ఆటలో మనిషి ఎత్తు 56 కొలతలు, వెడల్పు 32. ఆ లెక్కన అంతా కచ్చితంగా గీసి లోపలికి అడుగుపెడితే ఊపిరాడలేదు. వంటింట్లో తిరగబోతే గోడకు కొట్టుకున్నాను. ఆటలో మనిషి పరుగు మామూలు మనిషి పరుగు కాదు, రెండంగల్లో హాలు దాటేస్తాడు. అందుకే ఇక్కడ నిజం కొలతలు పనికిరావు. గదులన్నీ ఒకటిన్నర రెట్లు పెంచాకగానీ అది మా ఇల్లనిపించలేదు. వరండా నుంచి హాల్లోకి మెట్టు 8 కొలతలు పెట్టాను. 24 దాకా పెట్టొచ్చు. 25 పెడితే అది మెట్టు కాదు, గోడ. మనిషి ఎక్కలేడు.

తర్వాత తలుపు. ఈ ఆటలో తలుపులు మన ఇంటి తలుపుల్లా పక్కకు తెరుచుకోవు, కొట్టు షట్టరులా పైకి లేస్తాయి. తలుపు అని విడిగా వస్తువేమీ లేదు. అది కూడా ఒక సన్నని గదే. దాని కప్పును నేలదాకా దించేస్తే మూసిన తలుపు. దాని ముందరి గీతకు 1 అనే అంకె ఇస్తే, మనిషి దగ్గరికొచ్చి మీట నొక్కగానే కప్పు పైకి లేస్తుంది, పైన నాలుగు సెకన్లకు పైగా ఆగి, మళ్లీ దిగుతుంది.

నా తలుపు లేచింది. దాంతోపాటు తలుపు పక్క గోడల రంగు కూడా జరజరా పైకి పాకింది! కొత్తగా నేర్చుకునే ప్రతివాడూ చేసే తప్పే ఇది. మామూలుగా గోడ రంగు కప్పు నుంచి తెరలా వేలాడుతూ ఉంటుంది. కప్పు లేస్తే తెర కూడా దానితో లేస్తుంది. పక్క గోడల రంగుకు పైన కాదు, కింద నేలకు మేకు కొట్టినట్టు ఒక చిన్న గుర్తు పెట్టాలి. పెట్టగానే గోడలు కదలకుండా నిలబడ్డాయి, తలుపు ఒక్కటే లేచింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

పొలం పంపకాల లెక్క

తలుపు పక్కకు ఎందుకు తెరుచుకోదు? దీనికి జవాబు 1993 నాటి కంప్యూటర్ల బలహీనతలో ఉంది. తెరమీద అడ్డంగా 320, నిలువుగా 200, మొత్తం 64,000 చుక్కలు. సెకనుకు 35 సార్ల వరకు వాటన్నిటినీ కొత్తగా నింపాలి. ఏ గోడ ముందుంది, ఏ గోడ దాని చాటున ఉందన్నది ప్రతిసారీ అన్ని గోడల్నీ పోల్చి చూస్తూ కూర్చుంటే ఆనాటి యంత్రాలు నత్తనడక నడిచేవి.

కార్మాక్ వాడిన ఉపాయం అతను కనిపెట్టింది కాదు. హెన్రీ ఫుక్స్, జ్వీ కెడెమ్, బ్రూస్ నేలర్ అనే శాస్త్రవేత్తలు 1980లో రాసిన పరిశోధన పత్రంలో ఉంది. దాన్ని బీఎస్‌పీ అంటారు. మనకు పొలం పంపకాల లెక్క అంటే సరిపోతుంది.

ఒక పెద్ద పొలాన్ని అడ్డంగా ఒక గట్టు వేసి రెండు చేశారనుకోండి. ఒక్కో సగంలో మళ్లీ ఒక గట్టు. ఆ ముక్కల్లో మళ్లీ గట్లు. చివరికి అన్నీ వంకరటింకరలు లేని చిన్న మళ్లు. ఇప్పుడు మీరు ఆ పొలంలో ఎక్కడైనా నిలబడండి. ఏ మడి దగ్గర, ఏ మడి దూరం అని టేపు పట్టనక్కర్లేదు. పెద్ద గట్టు దగ్గర ఒకటే ప్రశ్న: నేను ఇటున్నానా, అటున్నానా? ఇటుంటే ఇటువైపు మళ్లన్నీ ముందు, అటువైపువి తర్వాత. తర్వాతి గట్టు దగ్గరా అదే ప్రశ్న. ఇలా అడుగుతూ పోతే మళ్లన్నీ దగ్గరనుంచి దూరానికి వాటంతట అవే వరసలో నిలబడతాయి. డూమ్ ఆ వరసలోనే గోడలు గీస్తుంది. దగ్గరి గోడ తెరమీద ఎక్కడ నిండిందో అక్కడ వెనకున్న గోడ జోలికే పోదు.

గట్లు వేసే కష్టమంతా మజిలీ కట్టేటప్పుడే అయిపోతుంది. ముగ్గు గీసి భద్రపరచగానే నోడ్ బిల్డర్ అనే చిన్న ప్రోగ్రాము కూర్చుని గట్లన్నీ వేసి ఆ లెక్కను మూటలోనే పెడుతుంది. ఆడేటప్పుడు గట్లు వేసే పని ఉండదు. ఒకసారి పంపకాలు రాసుకున్నాక గట్టు జరిపితే దస్తావేజులన్నీ తప్పుతాయి కదా. అందుకే డూమ్‌లో గోడ పక్కకు కదలదు. నేలా కప్పూ పైకీ కిందికీ కదలొచ్చు, ఎందుకంటే ముగ్గు గీత అక్కడే ఉంటుంది. షట్టరు తలుపు వెనక ఉన్న కారణం అదే.

ముగ్గు చదునుగా ఉండటం వల్ల ఇంకో కట్టడి కూడా ఉంది. ఒకే చోట రెండు నేలలు ఉండవు, అంటే గది మీద గది కట్టలేం. రాజమండ్రి దగ్గర గోదావరి మీద కింద రైలు, పైన రోడ్డు వెళ్లే వంతెన ఉంది చూడండి, పాత డూమ్‌లో అలాంటిది అసాధ్యం. అయితే ఇది లోపం అని నేను అనుకోను. మేడమీద మేడ కట్టగలిగే తర్వాతి తరం ఆటల్లో మజిలీ కట్టాలంటే ఆరితేరినవాళ్లు కావాలి. కాగితం మీద ఇంటి ప్లాను గీయగల ఎవరైనా డూమ్‌కు మజిలీ కట్టగలరు. ఇన్నేళ్లుగా కొత్తవాళ్లు వస్తూనే ఉండటానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

నూట ఇరవై తొమ్మిదో విస్తరి

అసలు ఆటయంత్రానికి కొన్ని పరిమితులున్నాయి. ఒక చోట నిలబడి చూస్తే కనిపించే నేలలనూ కప్పులనూ యంత్రం ముక్కలుగా విడదీసి లెక్కపెట్టుకుంటుంది. ఎత్తూ రంగూ వెలుతురూ మారినకొద్దీ ముక్కలు పెరుగుతాయి. ఆ లెక్కకు కేటాయించిన చోటు 128. బంతిలో 128 విస్తళ్లే వేశారు, నూట ఇరవై తొమ్మిదో అతిథి వచ్చాడు, అంతే, భోజనాలే ఆగిపోతాయి. ఆట ఆగి బయటికి తోసేస్తుంది. అందుకే కట్టేవాళ్లు మజిలీలో ప్రతి మూలా తిరిగి చూసుకునేవారు. ఎక్కువ కనిపించే చోట ఒక స్తంభమో, నడవాలో ఒక మలుపో పెట్టి చూపును అడ్డుకునేవారు.

1997 డిసెంబరు 23న కార్మాక్ ఆటయంత్రం కోడ్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. 1999లో దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిబంధనల కిందికి తెచ్చారు. ఇది రెండో పెద్ద మలుపు. ప్రోగ్రామింగ్ తెలిసిన అభిమానులు ఆ కోడ్ తీసుకుని కొత్త కంప్యూటర్లకు సరిపడేలా తిరగరాశారు, పరిమితులు ఎత్తేశారు, గది మీద గదికి కూడా దారులు వెతికారు. ఆటయంత్రం ఏ ఒక్క కంపెనీ దయ మీదా ఆధారపడకుండా బతికింది. ఎన్నో మంచి ఆటలు వాటిని నడిపే కంప్యూటర్లు మూలపడగానే పోయాయి. డూమ్ పోలేదు.

ఆశ్చర్యం ఏమిటంటే, పరిమితులు తొలగినా చాలామంది పాత కట్టుబాట్లకు లోబడే కడుతున్నారు. 1024 కొలతల పొడవు, 1024 కొలతల వెడల్పు దాటని చదరంలోనే మజిలీ అంతా ఇమడాలని పందెం వేసుకుని కట్టినవారున్నారు. రెండు గంటల్లో కట్టి ముగించాలని కూర్చున్నవారున్నారు. ఆటవెలదిలో రాయాలనుకున్నవాడికి గణాలు అడ్డు కావు, ఊతం. ఇదీ అలాంటిదే.

మంచి మజిలీ అంటే ఏమిటన్నది అసలు ఆటలో మజిలీలు కట్టిన జాన్ రొమేరో తన అలవాట్ల రూపంలో చెప్పాడు. నేల రంగు మారితే ఎత్తు కూడా మారాలి. వెలుగు పక్కన చీకటి, ఇరుకు పక్కన విశాలం ఉండాలి. కిటికీలోంచి ఒక చోటు కనిపించిందంటే అక్కడికి ఎలాగో ఒకలా చేరగలగాలి. వెళ్లిన దారిలోకే మళ్లీ మళ్లీ వచ్చేలా మజిలీ తిరగాలి. వీటిలో కిటికీ నియమం నాకు చాలా ఇష్టం. దూరంగా ఒక వెలుగు కనిపిస్తుంది. దారి తెలియదు. పది నిమిషాల తర్వాత ఏదో తలుపు తీస్తే అక్కడే తేలతాం, ఇందాక మనం నిలబడి చూసిన కిటికీ ఎదురుగా కనిపిస్తుంది. తెలియని చోటు తెలిసిన చోటుగా మారే ఆ అనుభవం కోసమే నేను ఇప్పటికీ ఆడతాను.

మూట వెంట ఒక చీటీ

అభిమానులు పంచే ప్రతి మూట వెంట ఒక చీటీ ఉంటుంది, మామూలు అక్షరాల ఫైలు. అందులో మజిలీ పేరు, కట్టినవారి పేరు, ఏ పనిముట్టుతో కట్టారు, ఎన్ని రోజులు పట్టింది, తెలిసిన లోపాలేమిటి, ఎవరికి కృతజ్ఞతలు అన్నీ వరసగా రాస్తారు. చివర ఒక ముఖ్యమైన వాక్యం ఉంటుంది: దీన్ని ఆధారం చేసుకుని వేరేవాళ్లు కట్టుకోవచ్చా, కూడదా. 1994 నాటి చీటీలు కూడా నిల్వ ఉన్నాయి. తెలిసిన లోపాలను కట్టినవాడే ముందుగా చెప్పే ఈ మర్యాద నాకు గొప్పగా తోస్తుంది.

ఈ మర్యాదను కాలరాసినవాళ్లూ ఉన్నారు. ఉచితంగా పంచిన మజిలీలను వందలకొద్దీ ఒక సీడీలో కుక్కి, కట్టినవాళ్లకు చిల్లిగవ్వ ఇవ్వకుండా అంగళ్లలో అమ్మారు. ఇడ్ సంస్థ మాత్రం అభిమానులతోనే మజిలీలు కట్టించి డబ్బిచ్చి తీసుకుంది. 1996లో వచ్చిన ఫైనల్ డూమ్‌లో ఒక సగం టీమ్‌టీఎన్‌టీ అనే అభిమానుల బృందం ఉచితంగా ఇద్దామనుకుని కట్టింది. రెండో సగం డారియో, మైలో కసాలీ అనే అన్నదమ్ములు కట్టారు. డారియో తర్వాత వాల్వ్ సంస్థలో చేరి హాఫ్-లైఫ్ ఆటకు పనిచేశాడు. సరదాకు ముగ్గు పోసినవాడికి అదే వృత్తి అయింది.

కట్టేవాళ్లకు ఆడేవాళ్లు తోడు. ఒక మజిలీని గెలవడం సాధ్యమేనని రుజువు చూపాలంటే ఆట నమోదు పంపుతారు. అది వీడియో కాదు. సెకనులో 35వ వంతుకు ఒకసారి ఏ మీట నొక్కారన్నది నాలుగు బైట్లలో రాసుకుంటుంది, అంతే. పాటను రికార్డు చేయకుండా స్వరాలు రాసుకోవడం లాంటిది. ఆటలో అదృష్టంలా అనిపించేదంతా 256 అంకెల స్థిరమైన పట్టిక నుంచి వస్తుంది కాబట్టి, అవే మీటలు అదే వరసలో నొక్కితే అదే ఆట మళ్లీ పొల్లుపోకుండా జరుగుతుంది. నిమిషం ఆటకు 8,400 బైట్లు. ఫోన్ లైన్ల మీద నత్తనడక నడిచే ఆనాటి ఇంటర్నెట్‌లో కూడా అది సులువుగా వెళ్లేది.

రొమేరో 2016లో, ఇరవై ఏళ్లకు పైగా విరామం తర్వాత, డూమ్‌కు మళ్లీ ఒక మజిలీ కట్టి అందరిలాగే ఉచితంగా పంచాడు. 2019లో సిజిల్ పేరుతో తొమ్మిది మజిలీలు ఇచ్చాడు. 2022 మార్చిలో ఒక్క మజిలీ కట్టి 5 యూరోలకు అమ్మి, వచ్చిన డబ్బును యుక్రెయిన్ బాధితుల కోసం రెడ్‌క్రాస్‌కు, ఐక్యరాజ్యసమితి అత్యవసర నిధికి ఇచ్చాడు. 2023లో మైహౌస్ అనే మజిలీ వచ్చింది. మొదట చూస్తే అందరూ కట్టే మామూలు ఇల్లే. తిరిగినకొద్దీ గోడలు, గదులు మారిపోతూ ఇల్లే ఒక అంతులేని కలలా తయారవుతుంది. డూమ్ ముఖం ఎన్నడూ చూడనివాళ్లు కూడా దాని గురించి మాట్లాడుకున్నారు. సొంత ఇల్లు కట్టే ఆ మొదటి అలవాటులోంచే అంత గొప్ప పని పుట్టింది.

మీకూ కట్టాలనిపిస్తే ఏమీ కొననక్కర్లేదు. అల్టిమేట్ డూమ్ బిల్డర్ అనే పనిముట్టు ఉచితం. అసలు ఆట మూట బదులు వాడుకోవడానికి అభిమానులే బొమ్మలూ చప్పుళ్లూ సమకూర్చిన ఫ్రీడూమ్ కూడా ఉచితమే. ఒక గళ్ల కాగితం తీసుకుని మీ ఇల్లు పైనుంచి చూసినట్టు గీయండి, కొలతలన్నీ ఒకటిన్నర రెట్లు పెంచండి. తలుపు పక్క గోడల రంగును నేలకు మేకు కొట్టడం మాత్రం మరిచిపోకండి.